గుండీలో అగ్గిపుల్ల

ఏలూరులో ఒక ఆడపిల్లల హైస్కూల్లో పదో తరగతికి బయాలజీ చెబుతాను. నా పేరు మునీరా. రక్తప్రసరణ పాఠంలో పిల్లలు ఇష్టపడే ప్రయోగం ఒకటుంది. చొక్కా గుండీ రంధ్రంలో అగ్గిపుల్ల గుచ్చి, మణికట్టు మీద నాడి కొట్టుకునే చోట నిలబెట్టాలి. గుండె కొట్టుకున్నప్పుడల్లా పుల్ల కదులుతుంది. నిమిషానికి ఎన్నిసార్లో లెక్కపెట్టి రికార్డులో రాసుకోవాలి.

ఆ పాఠం వచ్చేసరికి క్లాసులో శ్రావ్య లేదు. కొల్లేరు సరస్సు మధ్య లంక ఊరైన కొల్లేటికోట పిల్ల. ఇక్కడ హాస్టల్లో ఉండి చదువుకునేది. సెలవులకి ఇంటికెళ్ళి, తిరిగి వస్తుంటే నీళ్ళ మీద అల్లుకున్న గుర్రపుడెక్కకి తగులుకుని పడవ తిరగబడింది. పడవ నడుపుతున్న తండ్రి తాతాజీ ఈదుకుని బయటపడ్డాడు. పిల్లని వెతికి తీసేసరికి ఆలస్యమైపోయిందన్నారు.

శ్రావ్య పక్కన కూర్చునే జాస్మిన్ ఒక్క కన్నీటిబొట్టు రాల్చలేదు. నాకు అదే దిగులుగా ఉండేది.

ఆ ప్రయోగం చేయించిన మంగళవారం మధ్యాహ్నం ముసురు పట్టింది. ల్యాబ్‌లో కరెంటు లేదు. పిల్లలు ఇద్దరిద్దరు కూర్చుని గుసగుసగా అంకెలు లెక్కపెడుతున్నారు. జాస్మిన్ ఒంటరిగా ఉందని, తనకి జతగా నేను కూర్చుంటానన్నాను.

"జత ఉందండీ టీచర్," అంది మెల్లగా.

గుండీని శ్రావ్య వైపు ఖాళీగా ఉన్న సగం బల్ల మీద పెట్టింది. వట్టి చెక్క మీద.

అగ్గిపుల్ల కదిలింది.

గాలేమో అనుకుని లేచి కిటికీ వేశాను. బల్లకి ఎవరి చేయీ తగలకుండా చూశాను. అయినా పుల్ల ఊగుతోంది... ఆగి... మళ్ళీ ఊగుతోంది. సరస్సు అడుగు బురద వాసన వచ్చింది. జాస్మిన్ పెదాలు అంకెలు పలుకుతున్నాయి. ఇరవై ఎనిమిది... ఇరవై తొమ్మిది...

ఉన్నట్టుండి పుల్ల పక్కకి వాలిపోయింది. కింద నుంచి ఎవరో చేయి లాగేసుకున్నట్టు.

అప్పుడు ఏడ్చింది జాస్మిన్. నా చీరలో మొహం దాచుకుని, గంట కొట్టేదాకా ఏడ్చింది.

ఆదివారం నేను కొల్లేటికోట వెళ్ళాను. వెళ్ళకపోతే నాకు నిద్రపట్టేలా లేదు. శ్రావ్య తల్లి మాణిక్యం అరుగు మీద చాప వేసి కూర్చోబెట్టింది. తాతాజీ ఆ రోజు నుంచీ మాట్లాడటం లేదట. పిల్లని ఒడ్డుకు తెచ్చాక, అప్పటికే ప్రాణం పోయిందని ఎవరో అన్నారట, అందరూ అదే అన్నారట. చీకటి పడకముందే అంత్యక్రియలు కానిచ్చేయాలని తొందరపెట్టారట. ఎవరూ డాక్టర్ని పిలవలేదు.

ఆమె గొంతు తగ్గించింది.

"గాజులు తీస్తుంటే పిల్ల చేతిలో ఏదో కొట్టుకున్నట్టు తగిలిందండీ. చెబితే, పిచ్చిదాన్నని పక్కకి లాగేశారు. మీరు చదువుకున్నోరు కదండీ. అలా కొట్టుకుంటే... బతికున్నట్టేనా అండీ?"

ఎన్నో ఏళ్ళుగా అదే పాఠం చెబుతున్నాను. జవాబు నాకు తెలుసు. కాని లోపల గోడకి ఆనుకుని కూర్చున్న తాతాజీ తలెత్తి నా వైపే చూస్తున్నాడు.

బొటనవేలికి సొంత నాడి ఉంటుందని, కంగారులో ఆమె దానితోనే పట్టుకుని ఉంటుందని, తగిలింది ఆమె నాడేనని చెప్పాను. బొటనవేలి సంగతి నిజమే. మిగతాదంతా, నేను నమ్మాలనుకున్నది.

మాణిక్యం కళ్ళు తుడుచుకుంది. మనసు కుదుటపడిందనే అనుకున్నాను.

"మరి పొద్దు వాలేటప్పుడు రోజూ నా చెయ్యి పట్టుకునేది ఎవరండీ?" అంది. "మూడు వేళ్ళు... చల్లగా, తడిగా. లెక్కపెడుతున్నట్టు కాసేపు పట్టుకుని వదిలేస్తుందండీ."

నేను ఆమె చేతివైపు చూశాను.

"నిన్న పట్టుకుంది..." అంటూ కొంగు తొలగించి మణికట్టు చూపించింది. చర్మం మీద మూడు గుంటలు. వాటిలో నీళ్ళు నిలిచి ఉన్నాయి.

"ఇంకా వదల్లేదండీ."