ముప్పై దాకా లెక్కపెట్టే దెయ్యం

దెయ్యాల విషయంలో ఈ చుట్టుపక్కల నన్ను మించిన పండితుడు లేడు. ఏ దెయ్యం ఏ వేళకి బయల్దేరుతుందో, ఏది ఏ మలుపులో ఎక్కుతుందో, ఎక్కడ దిగుతుందో బస్సుల టైంటేబుల్లా అప్పజెప్పగలను. ఒక్కదాన్ని కూడా కళ్ళతో చూడలేదు, అది వేరే సంగతి. పండితులకి అంత అవసరం ఉండదు.

మా ఊరి చివర మలుపులో ఒక పాడుబడ్డ ఇల్లుంది. ఇంటివాళ్ళు ఎప్పుడో తాళం వేసి వెళ్ళిపోయారు. తాళానికి తుప్పు పట్టింది, ఇంటికి చెడ్డపేరు పట్టింది. చీకటి పడ్డాక అటు వెళ్ళేవాళ్ళు మాట్లాడుతున్న మాట మధ్యలో మింగేసి, ఇల్లు దాటాక మళ్ళీ అందుకుంటారు. దానికి సరిగ్గా ఎదురిల్లు రిటైరైన పోస్టుమాస్టరు తాతయ్యది. "అది మామూలు ఇల్లు కాదురా" అంటూ ఉండేవాడు. ఎందుకు కాదో మాత్రం ఏనాడూ చెప్పలేకపోయాడు.

ఈమధ్య చెప్పగలిగాడు.

"లోపల ఎవరో లెక్కపెడుతున్నారు..."

"ఏం లెక్క తాతయ్యా?"

గొంతు తగ్గించాడు. "ఒకటి, రెండు, మూడు... ముప్పై దాకా. అంకెకో చప్పుడు — ధడ్... ధడ్... అని. ముప్పై అవగానే ఆగి, ఫూ... ఫూ... అని రెండు నిట్టూర్పులు. మళ్ళీ ఒకటి నుంచి. పదిహేను రోజులుగా ఇదే వరస."

"ముప్పై ఒకటి రాదా?"

"రాదు."

"పాపం, చదువు మధ్యలో మానేసి పోయినట్టుంది."

తాతయ్య చేతికర్ర ఎత్తాడు. అది దిగేసరికి నేను అక్కడ లేను.

ఇక్కడ మా బావని కథలోకి పిలవాలి. మా అక్క మొగుడు. అంబులెన్సులో ఉద్యోగం. డ్రైవరు కాదు, వెనకాల రోగి పక్కన కూర్చుని ప్రాణం జారిపోకుండా పట్టుకునేవాడు. బండి ఉండేది నాలుగు రోడ్ల కూడలిలో. అక్కణ్ణుంచి మా ఊరికి ఎంత తొక్కినా ముప్పై ఐదు నిమిషాలు. పోయినేడు పిండిమర ఆయన గుండె పట్టుకుని కూలిపోతే, ఊరంతా చుట్టూ మూగి నీళ్ళు చల్లింది, విసనకర్రతో విసిరింది, తలా ఒక సలహా ఇచ్చింది. బండి ముప్పై ఐదో నిమిషానికి వచ్చింది. ఆయన పదో నిమిషానికే వెళ్ళిపోయాడు.

మా ఇంట్లో ఆ అంకె ఎవరూ పైకి అనరు. మా అమ్మ గుండె కూడా అంత నమ్మదగ్గది కాదని రెండు నెలల కిందట డాక్టరు చెప్పాడు. బావ ఉండేది కూడలిలో. అమ్మ దగ్గర ఉండేది నేను. నేను బాగుచేసేది సెల్‌ఫోన్లు, గుండెలు కాదు.

ఇక ఆ రాత్రి సంగతి. బావ నాకు చెప్పింది చెప్పినట్టు చెబుతాను. మధ్యలో నవ్వొస్తే ఆ తప్పు బావది.

పదకొండు గంటలకి పోస్టుమాస్టరు తాతయ్య అంబులెన్సుకి ఫోన్ చేశాడు. దెయ్యం అంటే ఎవరూ రారని తెలుసు కాబట్టి, "ఎదురింట్లో ఎవరో మనిషిని చంపేస్తున్నారు, మూలుగులు వినబడుతున్నాయి" అన్నాడు. బండి వచ్చింది. మలుపులో ఆగింది. డ్రైవరు స్టీరింగు వదల్లేదు.

"బండి వదిలి దిగకూడదని రూలుంది అన్నా."

"మొన్న టీకి అరగంట దిగావు కదరా!"

"అది పగలన్నా..."

బావ ఒక్కడే దిగాడు. ఒక చేతిలో మందుల బ్యాగు, ఇంకో చేతిలో వెలిగించని టార్చి. గాలి లేదు. కుక్క కూడా మొరగడం లేదు. నాలుగు అడుగులు వేశాడో లేదో —

ధడ్... ధడ్... ధడ్...

"...ఇరవై ఎనిమిది... ఇరవై తొమ్మిది... ముప్పై..."

ఫూ... ఫూ...

అయినా ఉద్యోగం ఉద్యోగమే. గోడ పట్టుకుని పక్క కిటికీ దాకా వెళ్ళి, విరిగిన చెక్క సందులోంచి చూశాడు.

నేల మీద ఒక కొవ్వొత్తి. దాని పక్కన ఒక మనిషి వెల్లకిలా పడి ఉన్నాడు. కళ్ళు తెరిచే ఉన్నాయి... రెప్ప వెయ్యడం లేదు. వాడి మీదకి ఒక నల్లటి ఆకారం వంగి, రెండు చేతులతో గుండెల మీద కుమ్ముతోంది. కుమ్మి, కుమ్మి, ఆగి, వాడి ముక్కు గట్టిగా పట్టుకుని — నోటికి నోరు ఆనించింది.

"ప్రాణం పీల్చేస్తోందిరా..." అన్నాడు బావ నాతో. "కళ్ళారా చూశాను."

టార్చి వేశాడు. వెలుగు పడుకున్నవాడి మొహం మీంచి గుండెల మీదకి, గుండెల మీంచి నడుము మీదకి జారింది. ఆ తర్వాత — వట్టి నేల.

కాళ్ళు లేవు. మనిషి సగమే ఉన్నాడు.

ఆకారం తలెత్తింది.

బావ నిలువునా కూలిపోయాడు.

తర్వాత గుర్తున్నది గుండెల మీద బరువు. చెవి దగ్గర ఒక బొంగురు గొంతు. "ఒకటి... రెండు... మూడు..." పదిహేడు దగ్గర లోపలెక్కడో టిక్కుమంది. బావ "దెయ్యం!" అని గావుకేక పెట్టాడు. బరువు ఎగిరిపోయింది. పోతూ పోతూ అది కూడా కేక పెట్టిందట. ఆ రెండు కేకలూ విని డ్రైవరు తలుపులు లాక్ చేసుకుని సైరన్ వేశాడు. ఊరంతా లేచింది.

పక్కటెముకకి బీట పడింది. రోగుల్ని మోసే బండిలో బావే రోగిగా వెళ్ళి, కట్టు కట్టించుకుని వచ్చి మా ఇంట్లో వారం రోజులు పడుకున్నాడు. అమ్మ అల్లుడికి దిండ్లు సర్దుతూ "ఆ దెయ్యం చేతులు పడిపోను" అని రోజూ తిట్టేది. నేను ఆ చేతులతోనే బావకి మంచినీళ్ళు అందించేవాణ్ణి.

అవును. నేనే.

పిండిమర ఆయన పోయాక, అంబులెన్సు వాళ్ళు నెలకో ఆదివారం మా ఊరి బడికి వచ్చి, బండి వచ్చేలోపు ఆగిన గుండెని ఎలా నొక్కాలో ఒక రబ్బరు బొమ్మ మీద నేర్పుతున్నారు. బొమ్మకి కాళ్ళుండవు, నడుము దాకానే. చెప్పేది మా బావే. మొదటి క్లాసులో నేను ఆ బొమ్మ దగ్గర కూర్చుని "ఏమండీ, ప్యాంటు ఎక్కడ పారేసుకున్నారు?" అని పలకరించాను. క్లాసంతా నవ్వింది. బావ బయటికి గెంటాడు. ఆ తర్వాతే డాక్టరు అమ్మ సంగతి చెప్పాడు. మళ్ళీ వెళ్ళి "నేర్పు బావా" అనడానికి నోరు రాలేదు. కిటికీ అవతల నిలబడి మిగతా పాఠాలు విన్నాను. బొమ్మని మా ఊరి నర్సమ్మ వెనక తలుపుకి వేరే తాళం వేసి దాచేది ఆ పాడింట్లో. దొంగలు అడుగుపెట్టని చోటు ఊళ్ళో అదొక్కటేనని ఆవిడ లెక్క. ఆవిడ బావకి ఆ సంగతి చెప్పలేదు. వెనక కిటికీకి ఊచ ఒకటి వదులుగా ఉంది. దాన్ని తప్పించి రోజూ రాత్రి దూరేవాణ్ణి. ముప్పై ఐదు నిమిషాలు ఆగకుండా నొక్కగలనా — అదే నా పరీక్ష.

తను నేర్పిన పాఠాన్నే కిటికీలోంచి చూసి బావ మూర్ఛపోయాడు. ఆయన్ని అనడానికి నాకు మొహం లేదు. పరుగెత్తుకొచ్చి చూస్తే కింద బావ. నా బుర్రలో ముప్పై ఐదు నిమిషాలు తప్ప ఇంకేం లేదు. అంబులెన్సు ఇరవై అడుగుల దూరంలో ఆగి ఉందన్నది తట్టనే లేదు. నొక్కడం మొదలెట్టాను.

తర్వాతి ఆదివారం బడి కిటకిటలాడింది. ఎప్పుడూ ఆరుగురే వచ్చే క్లాసుకి, దెయ్యం దెబ్బ తిన్న మనిషిని చూద్దామని ఊరంతా వచ్చింది. ఛాతీకి బెల్టుతో బావ కుర్చీలో కూర్చున్నాడు.

"దెయ్యమైనా పని తెలిసిన దెయ్యం," అన్నాడు. "లోతు తప్పలేదు, వేగం తప్పలేదు. మీలో ఒక్కరు అలా నొక్కగలిగినా నేను కూడలిలో నిశ్చింతగా నిద్రపోతాను."

నేను లేచాను. ఎందుకు లేచానో నాకే తెలియదు. వెళ్ళి బొమ్మ పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాను. ఈసారి ఎవరూ నవ్వలేదు.

ధడ్... ధడ్... ధడ్...

పైకి లెక్కపెడుతూ నొక్కాను. పది దగ్గర పోస్టుమాస్టరు తాతయ్య చేతికర్ర జారి కింద పడింది. పదిహేడు దగ్గర బావ చెయ్యి తన పక్కటెముక మీదకి వెళ్ళింది. ముప్పై దగ్గర ఆగి తలెత్తాను.

బావ నావైపు వంగి, నాకు మాత్రమే వినబడేలా అడిగాడు.

"ఒరేయ్ బామ్మర్దీ... నొక్కే ముందు ఏం చూడాలి?"

"ఊపిరి... ఉందో లేదో."

"మరి చూశావురా?"

"చూడలేదు బావా."

"అత్తయ్య విషయంలో చూడు," అన్నాడు. గొంతులో కోపం లేదు. వెనక్కి వాలి, అందరికీ వినబడేలా, "అంకెలు పైకి గట్టిగా లెక్కపెట్టాడు చూశారా, అదీ పద్ధతి. లెక్క తప్పదు" అన్నాడు.

పద్ధతి తెలిసినవాడిలా అక్కడ తలూపాను. మీ దగ్గర దాచి ఏం లాభం? ఆ పదిహేను రాత్రులూ నేను గొంతు బొంగురుపోయేలా అంకెలు అరిచింది లెక్క కోసం కాదు. ఆ ఇంట్లో ఒక్కణ్ణీ కళ్ళు గట్టిగా మూసుకుని కూర్చుంటే, కనీసం నా గొంతైనా నాకు తోడుంటుందని.