కనీసం అనే గడి

మహబూబాబాద్ కోర్టు వీధిలో మెట్లెక్కి వెళ్లే ఆ చిన్న గదిలో, ప్రైవేట్ డిటెక్టివ్ గఫార్ ఎదుట కూర్చున్న అమ్మాయి ఏడవలేదు. చేతిసంచిలోంచి అరచేతి వెడల్పు పచ్చని పలకను తీసి బల్లమీద పెట్టింది.

"గిది నేను పెట్టిన కార్డు కాదు చాచా. నేను పెట్టినదానికి రెండు ఫ్యాన్లుండె."

ఆమె పేరు జువేరియా. జనగామలో సోమనర్సయ్య నడిపే గేమ్ సెంటర్‌లో కంప్యూటర్లు చూసుకుంటుంది. త్వరలో రానున్న ఒక ఆన్‌లైన్ తుపాకుల ఆటను విడుదలకు ముందే ఆడించే అవకాశం కంపెనీవారు కొన్ని సెంటర్లకు ఇస్తున్నారు. శుక్రవారం వారి మనిషి వచ్చి యంత్రాలను పరీక్షిస్తాడు. కంపెనీ పంపిన పట్టికను చదివి, జువేరియా ఎనిమిది యంత్రాలకూ నాలుగేసి జీబీల ర్యామ్, ఒక్కో జీబీ గ్రాఫిక్స్ కార్డు అమర్చింది. ఆదివారం సాయంత్రం నమూనా ఆట ఎనిమిదింటిలోనూ చక్కగా నడిచింది. సోమవారం బంద్. మంగళవారం తెరిచి చూస్తే తెరమీద బొమ్మలు తడబడుతున్నాయి. విప్పి చూస్తే కార్డులన్నీ మారిపోయి ఉన్నాయి.

"తాళంచెవి సేటు దగ్గరొకటి, నా దగ్గరొకటి. నడిబజార్ల నన్ను దొంగ అన్నడు. రేపు సాయంత్రం దాక తేకుంటే ఠాణాకు పోత అన్నడు. సోమవారం నేను హన్మకొండ కాలేజీల ల్యాబు నౌకరీల చేరాలె. కేసు పడ్డదాన్ని ఎవలు తీసుకుంటరు చాచా?"

గఫార్ ఆ కార్డు ఫ్యాను కింద వేలు పెట్టి తీశాడు. వేలికి నల్లగా, జిడ్డుగా అంటింది.

"జనగామ దుమ్ము ఏ రంగుంటది బేటా?"

"ఎర్రగ. పత్తి దినాలల్ల జర తెల్ల నూగు గూడ."

అతను వేలిని కాగితానికి తుడిచి, ఆ కాగితాన్ని మడిచి జ్యోత్స్నకు ఇచ్చాడు. లా చదువుతూ మూడేళ్లుగా అతని దగ్గర పనిచేస్తున్న జ్యోత్స్న, అతను ఇచ్చిన ప్రతి కాగితాన్నీ తీర్పు ప్రతిలా భద్రపరుస్తుంది.

*

సకల జనుల సమ్మె మొదలై అప్పటికి మూడు వారాలు. బస్సులు లేవు, బడులు లేవు. కరెంటు ఉన్న గంటలను వేళ్లమీద చెప్పవచ్చు. జనగామ స్టేషన్ వీధిలో, సోమనర్సయ్య సెంటర్ వెనుక జనరేటర్ పొగ కక్కుతోంది.

"మీ ఇల్లెక్కడ?" అని గఫార్ సోమనర్సయ్యను అడిగాడు.

"గీ మీదనే. షట్టరు లేపితే పైన మా మంచం అదురుతది. నా ఎరుక లేకుండ ఎవ్వడు రాలేడు. గందుకే అంటున్న, పగటిపూట పనిచేసేటోళ్ల పనే అని." సోమనర్సయ్య జువేరియా వైపు చూడలేదు.

"బంద్ నాడు ఎక్కడున్నరు?"

"యాడికి పోత? ఇంట్లనే."

మూల కుర్చీలో కూర్చున్న పోశాలు కల్పించుకున్నాడు. సోమనర్సయ్య చెల్లెలి భర్త; పట్టణంలో బంద్ కమిటీకి పెద్ద. భూపాలపల్లిలో కంప్యూటర్ శిక్షణ కేంద్రం ఉంది.

"సగం షట్టరు లేపి లోపల దందా చేసే దుకాణాలకు కమిటీ తాళం ఏస్తం. బావదని ఇడిశిపెట్టలే. ఆదివారం రాత్రి ఏశి, మంగళవారం పొద్దున నేనే తీసిన. ఉద్యమం ముంగట చుట్టరికం లేదు గఫార్ భాయ్."

కార్డులు అమ్మిన శ్యాంను పిలిపించారు. అతను వచ్చీరాగానే ఎగిరిపడ్డాడు. "నేను ఖరాబు సామాను ఇస్తే ఆదివారం ఎట్ల నడిచింది సార్? కార్డులొచ్చిన ఖాళీ డబ్బాలు గాడనే ఉన్నయి, నంబర్లు చూసుకోండ్రి."

జ్యోత్స్న నంబర్లు రాసుకుంది. గఫార్ ఒక యంత్రం మూత తీయించాడు. పెట్టె అడుగున, గాలి లోపలికి లాగే పెద్ద ఫ్యాను మీద పలచని ఎర్రదుమ్ము ఉంది. నల్లటి జిడ్డు మాత్రం కార్డు మీదే ఉంది.

"ఒక్క కార్డు మార్చి సరిచూడాలంటే ఎంతసేపు?"

"పది పన్నెండు నిమిషాలు. ఎనిమిదింటికి గంటన్నర పైన," అంది జువేరియా.

గోడమీద కంపెనీ పంపిన ఇంగ్లీషు పట్టిక అంటించి ఉంది. ఎడమ గడిలో ఆట నడవడానికి 'కనీసం' కావలసినవి: అర జీబీ కార్డు. కుడి గడిలో 'సిఫార్సు' చేసినవి: ఒక జీబీ కార్డు. అడుగున చీమల్లాంటి అక్షరాల్లో ఒక వాక్యం: పరీక్ష కుడి గడి ప్రకారమే జరుగుతుంది. గఫార్ దాన్ని చివరిదాకా చదివి, దొంగ పెట్టిన కార్డుల కొలత ఎంతని అడిగాడు.

"అర జీబీ. ఎనిమిదికి ఎనిమిది."

అతను జ్యోత్స్నతో బయటికి వచ్చాడు. నేరం అతనికి కోపం తెప్పించేది కాదు; రోత పుట్టించేది. కోపగించినవాడు ఎదుటివాడి దగ్గరికే వెళ్తాడు. రోసినవాడు దూరం జరుగుతాడు. అలా జరగడం తన నిజాయితీయో, తన సుఖమో ఇన్నేళ్లకూ అతనికి తేలలేదు.

"మీకు తెలిసిపోయింది సార్," అంది జ్యోత్స్న సంబరంగా.

"తెల్సింది. తెల్వకుంటే మంచిగుండు. రేపు తెల్లారి జీపులో భూపాలపల్లి పో. నంబర్లు తీస్కపో."

*

గురువారం మూడు గంటలకు అందరూ సెంటర్‌లోనే కూర్చున్నారు: సోమనర్సయ్య, పోశాలు, శ్యాం, గోడకు ఆనుకుని జువేరియా. జ్యోత్స్న జీపు దుమ్ముతోనే లోపలికి వచ్చి తలూపింది.

"దొంగలు రెండు రకాలు," అన్నాడు గఫార్. "ఒకడు ఊడ్చుకపోతడు. ఇంకొకడు తీసిన జాగల చెత్త పెట్టిపోతడు. గీ దొంగ సరిగ్గ పట్టికల 'కనీసం' అని ఎంత రాసిండ్రో అంతే పెట్టిపోయిండు. అంటే పట్టిక చూసినోడు. గీ దుకాణం మొత్తం మునగొద్దని కూడ కోరుకున్నోడు. పరాయోడికి గా దయ ఎందుకుంటది?"

శ్యాం మెల్లగా పోశాలు వైపు తిరిగాడు.

"గంటన్నర పని. మామూలు దినం షట్టరు దించి ఎనుక జనరేటర్ నడిపిస్తే బజారంత అడుగుతది. షట్టరు దించి ఉండుడే మామూలైన దినం ఒక్కటే, బంద్. ఆ దినం షట్టరు మీద రెండు తాళాలు. జువేరియా చెవి ఒక్కదాన్నే తీస్తది. రెండోదాని చెవి కమిటీ పెద్ద దగ్గర."

"జనరేటర్ పొగతోని కార్డు నల్లగైతది, దానికి ఇంత కథనా?" అన్నాడు పోశాలు.

"పొగైతే పెట్టెలున్న ఫ్యాను గూడ నల్లగ కావాలె. అది ఎర్రగనే ఉన్నది. కార్డుల మీదున్నది బొగ్గు పొడి. బొగ్గు లారీలు తిరిగే తొవ్వ పక్కన ఏండ్లు నడిచిన కార్డులు అవి. జ్యోత్స్నా, చెప్పు."

"భూపాలపల్లిలో మన పోశాలు గారి కేంద్రం, రోడ్డు మీదే. ట్రైనింగుకు చేరుతానని చెప్పి, మూతలు తీయించి చూశాను. ఎనిమిది యంత్రాల్లో రెండు ఫ్యాన్ల కార్డులు. నంబర్లు డబ్బాల మీదవే. గోడకు ఇదే పట్టిక ఉంది. అక్కడ ఆట కంపెనీ పరీక్ష శనివారమట."

పోశాలు ముఖంలో సిగ్గు కనిపించలేదు. ఓపికగా వివరించబోయేవాడి అలసట కనిపించింది.

"నాకు కుడి గడి కావాలె. బావకు ఎడమ గడి సరిపోతది అనుకున్న. ఇద్దరం పాసైతుంటిమి. ఇంట్ల సామాను ఇంట్లనే ఉన్నది భాయ్, దీన్ని దొంగతనం అంటరా?"

"కింది వాక్యం చదవలే నువ్వు."

"ఇంగిలీషుల గంత సన్నగ రాస్తే ఎవడు చదువుతడు?"

గఫార్ సోమనర్సయ్య వైపు తిరిగాడు. "షట్టరు లేపితే మంచం అదురుతదన్నవు. బంద్ నాడు ఇంట్లనే ఉన్ననన్నవు. నీ తాళం ఇరగలే. చెవి నువ్వే ఇచ్చినవ్."

సోమనర్సయ్య గొంతు తగ్గించాడు. "లోపల పోరగాండ్లు దాక్కున్నరేమో చూస్త అంటే ఇచ్చిన. మంగళవారం కార్డులు చూడంగనే సమజైంది. కానీ చెల్లె కాపురం ఉన్నది గదా... ఎవల పేరన్న చెప్పాలె గదా సార్."

ఎవరి పేరైనా. జ్యోత్స్న రాస్తున్న చెయ్యి ఆగింది. గఫార్ లేచి కిటికీ దగ్గరికి పోయాడు. ఆ గదిలోని గాలిని ఊపిరితిత్తుల్లోకి తీసుకోవడం కూడా ఒక ఒప్పందంలా తోచింది.

"బయట చెప్పకుండ్రి," అన్నాడు పోశాలు. "ఉద్యమం బద్నాం అయితది."

"కూలోడు కూలి ఇడిశిపెట్టి బంద్ చేసిండు. దాని నీడల నువ్వు స్క్రూలు ఇప్పినవ్. బద్నాం చేసింది నువ్వు. ఆ మాట నా ముంగట మల్ల అనకు."

సోమనర్సయ్య జువేరియా ముందుకు వచ్చాడు. "అమ్మా, ఠాణా లేదు, ఏం లేదు. రాత్రిలోపు కార్డులు తెప్పిస్త. నువ్వు బిగిస్తే రేపటి పరీక్ష..."

"దొంగ అని ఏడ అన్నవో గాడ చెప్పు సేటు."

"పరీక్ష అయినంక చెప్త తల్లీ."

"ఇప్పుడే."

ఎదుటి బక్కయ్య చాయ్ హోటల్ ముందు పదిహేను మంది నిలబడి ఉన్నారు. సోమనర్సయ్య గడప దిగి, గొంతు సవరించుకుని, "సామాను దొరికింది. ఎవల తప్పు లేదు," అని వెనక్కు తిరిగాడు.

జువేరియా అతన్ని దాటి వీధిలోకి నడిచింది.

"తీసింది పోశాలు. తాళంచెవి ఇచ్చింది గీ సేటు. నా పేరు పెట్టింది గూడ గీ సేటే." ఆమె గొంతు వీధి చివరిదాకా వినిపించింది.

బక్కయ్య గ్లాసు తుడుస్తూ, అనునయంగా అన్నాడు: "మాకు ముందే తెల్సు బిడ్డా. బంద్ నాడు ఎనుక జనరేటర్ నడిచింది, మేం ఇన్నం. నువ్వు గసొంటిదానివి కాదని మేం అప్పుడే అనుకున్నం."

"అనుకుంటే, నన్ను దొంగ అన్ననాడు ఎందుకు చెప్పలే?"

బక్కయ్య సమాధానంగా ఒక చాయ్ పోసి ఆమె వైపు చాపాడు. ఆమె దాన్ని తీసుకోకుండా స్టేషన్ వైపు నడిచిపోయింది. చాచిన చెయ్యి కాసేపు అలాగే ఉండి, అప్పటికి వీధిలోకి వచ్చి పక్కన నిలబడ్డ గఫార్ వైపు తిరిగింది. గ్లాసు అంచు మీద ఆవిరి, దాని వెనుక నవ్వుతున్న మంచి ముఖం. గఫార్ ఆ ముఖాన్ని చూశాడు, గ్లాసును చూశాడు, జేబుల్లోంచి చేతులు తీయలేదు.