పంక్తి మధ్యలో లేచినవాడు

నేను అన్నం తినే వేగం చూసి కల్యాణవల్లి నన్ను పొగరుబోతు అనుకుంది. మా తొలి పరిచయం అదే.

డెబ్బై ఎనిమిదిలో తిరుపతిలో ఒకే ఆఫీసులో ఇద్దరం గుమాస్తాలం. మధ్యాహ్నం ఆమె క్యారియర్ మూత తీసేలోగా నేను నాది కడిగేసి వరండాలో ఉండేవాణ్ణి. పక్కన కూర్చుని మాట్లాడాలని పొద్దున్నుంచీ ఎన్ని డైలాగులు సిద్ధం చేసుకున్నా, ముద్ద నోట్లో పడగానే అన్నీ మరిచిపోయేవాణ్ణి. ఒకరోజు గుమ్మంలో అడ్డంగా నిలబడి నిలదీసింది.

"మిమ్మల్ని ఎవరైనా తరుముకొస్తా ఉండారా? లేకుంటే నా పక్కన కూర్చుంటే అరగదా?"

"అరగదు," అన్నాను.

నిజమే చెప్పాను. నాకు ఎవరి పక్కన కూర్చున్నా అరగదు. ఆమె మొహం మాడిపోయాక గానీ తప్పు తెలియలేదు. కంగారుగా జేబులోంచి కడుపుమంట మందు సీసా తీసి చూపించాను. ప్రేమించినవాళ్లు మల్లెపూలు తెస్తారు, నేను తెచ్చింది అది. ఆమె పకపకా నవ్వింది. ఆ నవ్వుతో నా పని అయిపోయింది.

వానలు పడేనాటికి ఆమె ఇంట్లో మా సంగతి చెప్పింది. ఆదివారం భోజనానికి రమ్మని వాళ్ల నాయన రంగరాజు గారు కబురు పంపారు. పిలుపు భోజనానికే అయినా పరీక్ష నాకేనని ఆమె ముందే హెచ్చరించింది.

"మా నాయనకు పద్ధతి ముఖ్యం. పంక్తిలో పెద్దాయన లేసేదాకా ఎవురూ లేయగూడదు. ఒకరు లేస్తే అందరి భోజనమూ అయిపోయినట్టే."

ఇంతేనా అనుకున్నాను. ఎంత తెలివైనవాణ్ణో చూడండి.

ఆదివారం పప్పు, కూర అయ్యేదాకా బాగానే ఉంది. నెమ్మదిగా తింటూ నన్ను నేనే మెచ్చుకుంటున్నాను. అంతలో పక్కనే కూర్చున్న రంగరాజు గారు వంటింటి వైపు తిరిగి, "రమామణీ, చారు యాడ?" అని భార్యను ఇల్లదిరేలా అడిగారు.

తెలివి వచ్చేసరికి పెరట్లో తొట్టి దగ్గర చేయి కడుక్కుంటున్నాను. లోపల ఆయన ఆకులో అన్నం అలాగే ఉంది, పంక్తి ఆగిపోయింది.

కల్యాణవల్లి వచ్చింది. కళ్లు నిండి ఉన్నాయి. "మా ఇల్లు నచ్చలేదా, నేను నచ్చలేదా? ఏదో ఒకటి సెప్పి పోండి."

పప్పులో కారం ఎక్కువైందని అబద్ధం చెప్పవచ్చు. కానీ ఇక ఈ అమ్మాయి నాకు దక్కదని తేలిపోయింది. నిజం చెప్పేశాను.

"మా నాయనకు కోపం వచ్చేది అన్నం కాడే. గొంతు లేసిందంటే పళ్లెం లేస్తాది. అంతలోపల తినేసి నేను పరిగెత్తేవాణ్ణి. మాయమ్మ మాత్రం ఆడే నిలబడుకోనుండేది. ఆయన పోయి ఏండ్లయింది. నా కాళ్లకింకా ఆ సంగతి తెలీదు."

ఇంత మీసం పెంచి, చారు అడిగితే పారిపోయిన మగవాణ్ణి నేను. సిగ్గుతో ఏడుపొచ్చింది. ఆమె కళ్లు తుడుచుకుని లోపలికి వెళ్లింది. అయిపోయిందనుకున్నాను.

కాసేపటికి రంగరాజు గారే పెరట్లోకి వచ్చారు.

"నాకు చెవుడప్పా," అన్నారు. "నా గొంతు ఎంత లేస్తాదో నాకే తెలీదు. పా, ఇంకో ఆకు ఏస్తారు. నేనూ కూర్చుంటా."

ఒకసారి ఆగిన భోజనానికి మళ్లీ కూర్చోకూడదు కదా అని గొణిగాను. ఆయనకు వినపడలేదో, వినపడనట్టు ఊరుకున్నారో నాకు ఇప్పటికీ తెలియదు.

మళ్లీ ఆకులు వేశారు. చారు వచ్చింది. వడ్డించడానికి వంగిన కల్యాణవల్లి, అడగమని కనుబొమలతో సైగ చేసింది. మీ అమ్మాయిని నాకిస్తారా అని అడిగాను. ఆయన చారన్నం కలుపుకుంటున్నారు. మళ్లీ అడిగాను. ఏమంటున్నావని నా వైపు తిరిగారు.

"గట్టిగా అడగాల," అంది ఆమె.

అన్నం ముందు కూర్చుని నేను ఏనాడూ గొంతు పెంచలేదు. కళ్లు మూసుకుని అరిచాను.

"కల్యాణవల్లిని నాకియ్యండి."

వీధి చివరిదాకా వినపడి ఉంటుంది. మెల్లగా కళ్లు తెరిచి చూస్తే, ఆ ఇంట్లో ఎవరూ ఉలిక్కిపడలేదు. రమామణి గారు తాపీగా నా ఆకులో ఇంకొంచెం అన్నం వడ్డిస్తున్నారు.

"ఇచ్చినాం గానీ," అన్నారు రంగరాజు గారు, "మజ్జిగన్నం తినకుండా లేయొద్దు."