తాడు తెగలేదు

ఈ కథ నాకు మొదట చెప్పినవాడు సంధియాగు. ఎవరికో జరిగినట్టు కాదు, తనకు జరిగిందే చెప్పాడు. వాడు పోయాడు. పోయినవాడి మీద కోపం పెట్టుకోకూడదని మా చర్చి ఫాదర్ అంటాడు. ఫాదర్ ఏనాడూ తాడు పేనినవాడు కాదు. నాకు కోపం ఉంది, ఉంటుంది.

మాది తూత్తుకుడికి దక్షిణాన తీరం. మావాళ్లు శంఖాల కోసం సముద్రంలో మునుగుతారు. వాళ్లకు తాళ్లు పేనింది నేను, నాకు ముందు మా నాన్న. కొబ్బరిపీచు ఉప్పునీళ్లలో నానబెట్టి, కొట్టి, ఆరబెట్టి పేనాక ఒక్క పోచ వదులుగా కనబడినా మొత్తం విప్పేసేవాణ్ని. నా తాడుతో పడవను ఒడ్డెక్కించవచ్చు. అలాంటి తాడు తెగిందని ఊరు ఊరంతా అంది.

మా దగ్గర తాడు ఎవరి చేతిలో పడితే వాడి చేతిలో పెట్టరు. మునిగేవాడి పెళ్లాం తోడబుట్టినవాడే పట్టాలి. తోబుట్టువు తాళి తన గుప్పిట్లో ఉందని వాడికి గుర్తుండాలి గదా. మనిషి కింద ఉన్నంతసేపు తాడు పట్టినవాడు నోరు విప్పకూడదు. ఎవరు పిలిచినా పలకకూడదు. చుట్ట ముట్టించకూడదు. కంట్లోకి చెమట కారినా తుడుచుకోకూడదు. మునిగేవాడు మెడలో సంచి తగిలించుకుని, తాడు కొసన కట్టిన రాయి మీద నిలబడి దిగుతాడు. సంచి నిండాక ఆ బరువుతో తనంతట తాను పైకి రాలేడు. తాడు పట్టుకుని ఒక్క గుంజు గుంజుతాడు. పైవాడు ఆ క్షణమే లాగాలి. పైవాడి పరాకు కిందవాడి చావు.

సంధియాగు అక్క మరియపుష్పం. ఆమె మొగుడు మాసిలామణి సరదా మనిషి, నలుగురు నవ్వుతుంటే నడుమ తానుండాలి. ఆ రోజు చిన్న పడవలో బావా బామ్మర్దీ ఇద్దరే వెళ్లారు. బాగా పొద్దెక్కింది. గాలి లేదు. సముద్రం నూనె పోసినట్టుంది. మాసిలామణి దిగాడు. తాడు సంధియాగు అరచేతుల్లోంచి జారి జారి ఆగింది.

అప్పుడు ఎండ వైపు నుంచి ఇంకో పడవ దగ్గరికొచ్చిందట. వెలుగు కళ్లలో కొట్టి మనిషి ముఖం తెలియలేదు గానీ గొంతు గస్పార్‌ది. గస్పార్ నోరు మా తీరమంతా ఎరిగినదే, శవం పక్కన కూర్చుని కూడా పరిహాసాలాడతాడు. సంధియాగుకు అప్పుడే పెళ్లి కుదిరింది.

"పెళ్లికూతురివాళ్లు నన్నడిగారురా, పెళ్లికొడుకు గురక పెడతాడా అని. ఏం చెప్పమంటావు?"

సంధియాగు పలకలేదు. ఆ గొంతు మళ్లీ అడిగింది. ఓర్చుకున్నాడు. మళ్లీ అడిగింది. నవ్వొచ్చింది. తల తిప్పాడు.

"గురక నాది కాదు, మా బావది. పడవ ఊగేది అలలకనుకున్నావా?"

ఆ మాట సగంలో ఉండగా చేతిలో తాడు గుంజుకుంది.

"తెలిసింది మామా," అన్నాడు నాతో. "తెలిసే, మాట పూర్తి చేశాను."

పూర్తి చేసి లాగాడు. తాడు తేలిగ్గా వచ్చింది. రాయి వచ్చింది. మనిషి రాలేదు.

దూకాడు, వెతికాడు, ఊపిరి చాలక తేలాడు, మళ్లీ దూకాడు. ఎంత వెతికినా నీళ్లు, ఇసుక తప్ప ఏమీ లేదు. సాయానికి పిలుద్దామని చూస్తే పక్క పడవ ఎప్పుడు పోయిందో లేదు. ఇక ఒడ్డున అక్క ఉంది. ఆమెకేం చెప్పాలి? కత్తి తీసి రాయికి పైన తాడు కోశాడు. రాయిని సముద్రంలో వదిలాడు. కోసిన కొసను పడవ అంచుకేసి పీచు లేచేదాకా బాదాడు. ఒడ్డుకొచ్చి తాడు తెగిందన్నాడు.

మరియపుష్పం నా వాకిట్లోకొచ్చి గోతిలో మట్టి వేసినట్టు పిడికెడు ఇసుక నేను తాడు పేనే రాట్నం మీద పోసి వెళ్లింది. ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేది. ఆ తర్వాత మునిగేవాడెవడూ నా తాడు ముట్టలేదు. గొడ్లకు పలుపులు పేనుకుంటూ బతికాను. సంధియాగు మా వాకిలి ముందు నుంచి తల దించుకుని పోయేవాడు. దుఃఖమనుకుని, పిచ్చివాణ్ని, జాలిపడ్డాను.

మరుసటి ఏడు వాడి చెల్లెలు జ్ఞానసెల్వి మొగుడు సూసై మునగడానికి సిద్ధమయ్యాడు. ఆ ఇంటికి మగ తోడబుట్టినవాడు సంధియాగు ఒక్కడే. ఇంకెవరినైనా పెట్టుకొమ్మని తప్పించుకోబోయాడు. సూసై ఒప్పుకోలేదు.

"నువ్వు పడితేనే దిగుతాను బావా. ఒకసారి కాలినవాడికే నిప్పు మీద చూపుంటుంది."

సంధియాగు వెళ్లాడు.

సూసై దిగాడు. తాడు ఆగింది. తాడు నీళ్లలోకి దిగే చోట సంధియాగు చూపు నిలిపాడు. ఒక మబ్బు నీడ నీళ్ల మీదుగా పాకుతూ వచ్చి పడవ మీద నిలిచిపోయింది. పచ్చగా మెరుస్తున్న నీళ్లు నల్లబడ్డాయి. చెక్కకు అలలు తగిలే టపటప చప్పుడు సన్నగిల్లి, ఆగింది. ఆ తర్వాత వాసన వచ్చింది. శంఖాల్లోని మాంసం కుళ్లడానికి ఒడ్డున గుంతల్లో పూడుస్తామే, ఆ గుంత తవ్వినప్పటి వాసన. ఒడ్డు కనబడనంత దూరంలో.

వీపు వెనక, పడవ అవతలి అంచు మీద, తడి చేయి పడిన చప్పుడు. ఇంకో చేయి. పడవ అటు ఒరిగింది.

"బామ్మర్దీ..."

సంధియాగు మెడ కదల్లేదు.

"నా గురించి ఏదో అన్నావు... కింద సరిగా వినపడలేదు."

ఆ గొంతులో కోపం లేదట. కోపముంటే తట్టుకునేవాణ్ని మామా, అన్నాడు. నవ్వడానికి సిద్ధంగా ఉన్నవాడి గొంతు. మాట మాటకూ నీళ్లు గుటగుటలాడుతున్నాయి.

"మళ్లీ చెప్పవూ..."

తప్పయిపోయింది బావా అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఏడాదిగా గొంతులో ఇరుక్కున్న మాట. చెప్పవలసిన మనిషే వచ్చి అడుగుతున్నాడు. కానీ సూసై కింద ఉన్నాడు. నోరు విప్పకూడదు. నాలుక కొరుక్కున్నాడు. నోరంతా ఉప్పగా అయింది.

పడవలోకి బరువు ఎక్కింది. మెడ వెనక చల్లగా తగిలింది. భుజం మీద తడి గడ్డం ఆనింది. కళ్లు మూసుకుంటే తాడు కనబడదు. మూసుకోలేదు.

నడుము దగ్గర పంచెను ఎవరో పట్టుకున్నారు. గుంజారు. ఒక్కసారి. కింద నుంచి మునిగేవాడు గుంజినట్టే.

చేతులు లాగేయబోయాయి. ఇప్పుడు లాగితే... రాయీ తాడూ సూసైకి అందకుండా పైకొచ్చేస్తాయి. చేతిలో తాడు కదల్లేదు. పంచె మళ్లీ గుంజుకుంది. ఈసారి గట్టిగా. మళ్లీ. ఊపిరాడనివాడు గుంజినట్టు... చేతిలో తాడు కదల్లేదు. కళ్ల నుంచి నీళ్లు కారుతున్నాయి. తుడుచుకోలేదు.

చేతిలో తాడు గుంజుకుంది.

లాగాడు. లాగాడు. సూసై తల తేలింది. ప్రాణంతో తేలింది. పడవ అంచు పట్టుకుని ఊపిరి తీసుకుని, ఏదో చెప్పబోయి, సంధియాగు భుజం మీదుగా వెనక్కి చూశాడు. నోరు అలాగే ఉండిపోయింది. పడవెక్కాడు. తెడ్డు అందుకున్నాడు. ఒడ్డు చేరేదాకా కళ్లు పాదాల మీద నుంచి ఎత్తలేదు. మళ్లీ సముద్రం మొహం చూడలేదు, ఉప్పు మడుల్లో పనికి కుదిరాడు. ఇప్పుడూ ఉన్నాడు. అడిగితే, ఎండ కళ్లలో పడింది మామా, అంటాడు.

సంధియాగు కుదిరిన పెళ్లి వద్దన్నాడు. తర్వాత జబ్బుపడి, అది ముదిరాక నా దగ్గరికొచ్చి ఇదంతా చెప్పి, అక్కకు నన్ను చెప్పమన్నాడు. మీ అక్కకు నీ నోటితోనే చెప్పుకో పో, అన్నాను. వెళ్లాడు. ఆమె గంజి పోసి, ఎండుచేప కాల్చి పెట్టింది. తిని వచ్చాడు. మర్నాడు వెళ్లి మళ్లీ తిని వచ్చాడు. మంచం పట్టేదాకా అలా తింటూనే ఉన్నాడు. చెప్పలేదు.

వాణ్ని పూడ్చిపెట్టాక గస్పార్ దగ్గరికి వెళ్లాను. వాడికి పెట్టాల్సిన శాపనార్థాలు బాగా కూడబెట్టుకుని వెళ్లాను. మనిషి కింద ఉండగా పలకరించినవాణ్ని మా వాళ్లు ఊళ్లో ఉండనివ్వరు. తాడు తెగిందని అబద్ధమాడాడు గనక సంధియాగు ఏనాడూ ఊరి ముందు గస్పార్ పేరు ఎత్తలేకపోయాడు. నేను ఎత్తాను. గస్పార్ అంతా విన్నాడు. పరిహాసమాడలేదు.

"ఆ నెలంతా నా పడవ ఇసుకలో బోర్లించి ఉంది అన్నా. చేపనూనె పూసింది నీ తమ్ముడే గదా. నేను జ్వరంతో దాని నీడలోనే పడున్నాను. నువ్వు చూడలేదూ?"

చూశాను. నా రాట్నం దగ్గర నుంచి రోజూ చూశాను. మాసిలామణి పోయాడన్న కేక వినబడినప్పుడు గస్పార్ ఆ నీడలోంచే లేచి, పడవ పట్టుకుని నిలబడ్డాడు. అన్నీ గుర్తుపెట్టుకునే నాకు అది గుర్తు రాలేదు.

చర్చి గోడ పక్కన మాసిలామణి పేరు మీద రాయి నిలబెట్టారు. కింద మనిషి లేడు, రాయి మాత్రమే. దాని మీద 'తాడు తెగి సముద్రంలో కలిసినవాడు' అని చెక్కారు. కూడబలుక్కుని ఆ ఒక్క ముక్క నేను చదవగలను. చెక్కడం వచ్చినవాళ్లు ఎవరైనా ఆ మాట చెరిపేయండి. మరియపుష్పం బతికుండగానే చెరపండి. తాడు తెగలేదని రాయండి. బామ్మర్ది పరాకని రాస్తారో లేదో మీ ఇష్టం. గస్పార్ పిలిచాడని మాత్రం రాయకండి. పిలిచింది గస్పార్ కాదు.