కుప్పానికి మూడో కెర్నల్

"టమోటా పెట్టె ఎంతప్పా?"

"అమ్మేది కాదు. ఊరగాయకు పెట్టుకున్నా."

రహస్య సంకేతం సరిపోయింది. మదనపల్లె మార్కెట్ యార్డులో చీఫ్ సాయిప్రసాద్ తలకు తువ్వాలు చుట్టుకుని వ్యాపారిలా నిలబడ్డాడు. ఎదురుగా ఏజెంట్ సుదర్శన్, ఫ్రిజ్ మెకానిక్ వేషంలో. వేషం ఎంత బాగా కుదిరిందంటే, దారిలో ఇద్దరు ఆపి మా ఇంటి ఫ్రిజ్ చూడమన్నారు.

"మదనపల్లె, పుంగనూరు, కుప్పం. పిల్లల టీకాల కోల్డ్ రూములు మూడు," అన్నాడు చీఫ్. "మూడింటినీ చల్లగా ఉంచే కంట్రోలర్ మెషిన్లలో విదేశీ ముఠా కోడ్ దూర్చి పెట్టినారు. రేపు మధ్యాహ్నం పన్నెండుకు కమాండ్ ఇస్తారు. గది వేడెక్కుతాది. స్క్రీన్ మాత్రం నాలుగు డిగ్రీలనే చూపిస్తాది. చెడిపోయిన మందు పిల్లోళ్లకు వేస్తారు."

"ఆఫ్ చేసేస్తే?"

"అప్పుడూ చెడేది మందే గదా. కోడ్ కెర్నల్‌లోనే కలిసిపోయి ఉండాది. కొత్తది కట్టాల."

మెషిన్‌ను నడిపించే అసలు ప్రోగ్రామే కెర్నల్. చిప్ మారితే అదీ మారాలి. ఒక మెషిన్‌కు కట్టింది ఇంకోదానికి అరగదు. మదనపల్లెది కొత్త కంప్యూటర్, సులువుగా లొంగింది. పుంగనూరులో అరచేతంత బోర్డు. సుదర్శన్ దాని డ్రైవర్లు, అంటే ఒక్కో భాగాన్ని నడిపే చిన్న ప్రోగ్రాములు, ఒక్కొక్కటే ఎంచి, ముఠా డ్రైవర్‌ను పీకేసి, లాప్‌టాప్‌లో కంపైల్ చేసి, అంటే కోడ్‌ను మెషిన్ భాషలోకి మార్చి, ఎక్కించాడు. అదీ లేచింది.

కుప్పం మెషిన్ మాత్రం మొండికేసింది. పాతకాలపుది. కొత్త కెర్నల్‌కు దాని డిస్క్ కనిపించడం లేదు. ఇక నడవలేనన్నట్టు స్క్రీన్ మీద పానిక్ అని పడింది. సుదర్శన్ గతిలేక, మందు చెడకుండా పాత కెర్నల్‌నే మళ్లీ ఎక్కించి, మాలతికి కబురు పెట్టాడు.

మాలతిది సదుం. ముఠాలో చేరి, వాళ్లకు డ్రైవర్లు రాసిపెడుతూ చీఫ్‌కు సమాచారం పంపే డబుల్ ఏజెంట్. కుప్పం మెషిన్‌కు ముఠా తరఫున కెర్నల్ కట్టింది ఆమే. సుదర్శన్‌కు ఆమె అంటే ప్రాణం. ఆ మాట ఆమెకు ఇంతవరకూ చెప్పలేదు. గూఢచారి కదా, రహస్యాలు బాగా దాస్తాడు.

కుప్పం స్టేషన్ ప్లాట్‌ఫారం మీద నల్లకళ్లద్దాలు, పట్టుచీరతో వచ్చి అతని పక్కన కూర్చుంది. మెడలోని తాయెత్తు తీసి అతని చేతిలో పెట్టింది. లోపల పెన్‌డ్రైవ్.

"ఆ మెషిన్ కాన్ఫిగ్ ఫైలు. ఏ డ్రైవర్ ఉండాలో, ఏది వద్దో అన్నీ ఇందులో ఉండాయి."

"ఇది నువ్విచ్చినావని వాళ్లకు తెలీదా?"

"తెలుస్తాది. ఈ ఫైలు నా ఒక్కదాని దగ్గరే ఉండాది."

"అయితే ఈడనే ఉండిపో మాలతీ. పోవద్దు."

"నేను తిరిగి పోకపోతే పన్నెండు దాకా ఆగరు, ఇప్పుడే నొక్కేస్తారు. నీకు కంపైల్ చేసేదానికి టైం కావాల గదా."

బెంగుళూరు బండి వచ్చింది. ఆమె ఎక్కింది. సుదర్శన్ చెప్పాలనుకున్న మాట చెప్పనేలేదు. ఏడుపు ఆపుకుంటూ కోల్డ్ రూముకు పరుగెత్తాడు.

ఫైలు తెరిచాడు. అన్నీ అవసరమైనవే, ఒక్కటి తప్ప. హార్ట్‌బీట్ లైట్: యెస్. ఇద్దరూ కలిసి చేసిన ట్రైనింగ్‌లోనూ మాలతి ఇది పెట్టకుండా ఏ కెర్నలూ కట్టేది కాదు. "మెషిన్ బతికుండాదో లేదో చూడంగానే తెలియాలప్పా," అని అతన్ని వెక్కిరించేది. దాన్ని తీసేయడానికి అతనికి చెయ్యి రాలేదు.

కంపైల్ నత్తనడక నడిచింది. పన్నెండు కొట్టబోతుండగా కొత్త కెర్నల్ ఎక్కించి మెషిన్ రీస్టార్ట్ చేశాడు. డిస్క్ కనిపించింది. కూలింగ్ మోటారు గుర్రుమంది. ముఠా కమాండ్ వచ్చింది. వినేవాడు లేక గాలిలో కలిసిపోయింది.

సాయంత్రం చీఫ్ ఫోన్ చేశాడు. "ముఠా మొత్తం దొరికిపోయిందప్పా. మాలతి... మనోళ్లు పోయేసరికే సంపేసినారు."

నర్సు గంగులమ్మ టీ తెచ్చింది. ఆమె దృష్టిలో అతనింకా మెకానిక్కే.

"బాగయిందాప్పా? ఆ పచ్చలైటేంది, గుండె మాదిరి కొట్టుకుంటాంది?"

"బతికుండాదని గుర్తమ్మా," అన్నాడు సుదర్శన్.

"యాలప్పా ఏడస్తాండావు? బాగయింది గదా!"

లాప్‌టాప్ స్క్రీన్ మీద ఇంకా 'ఎర్రర్లు: సున్నా' అనే ఉంది. స్క్రీన్లదేముంది, లోపల ఎంత వేడెక్కినా అవి ఎప్పుడూ నాలుగు డిగ్రీలనే చూపిస్తాయి.