పన్నెండో నెల ముప్ఫయ్యో తేదీ

కెండల్ పట్నంలోని ఆ చిన్న ఆఫీసులోకి టబితా ఫాసెట్ అడుగుపెట్టింది. డిటెక్టివ్ హెస్టర్ లాంగ్‌స్టాఫ్ కుర్చీ చూపించింది. సహాయకుడు నెడ్ పర్విస్ టీ పోశాడు.

"మా ప్రార్థనామందిరం పోతోందమ్మాయ్," అంది క్వేకర్లనే క్రైస్తవ శాఖకు చెందిన ఆ ముసలామె. "నలభై ఏళ్ళు కనిపెట్టుకుని ఉన్నాను. ఇప్పుడు నన్నే దొంగంటున్నారు."

కొండలోయలోని ఆ రాతి మందిరం 1691లో కట్టినది. స్థలమిచ్చింది మేజర్ హెసెల్టిన్ పూర్వీకుడు. మేజర్‌కి ఇప్పుడక్కడ క్వారీ కావాలి. పోయిన వారం మందిరం పెట్టెలో ఒక పాత కాగితం బయటపడింది. హెసెల్టిన్ వంశం ఎప్పుడడిగితే అప్పుడు స్థలం తిరిగిచ్చేస్తామని తొలినాటి క్వేకర్లు రాసిచ్చారట. పెట్టె తాళంచెవులు రెండే. ఒకటి టబితా దగ్గర, రెండోది సభ కార్యదర్శి జోసయా హార్కర్ దగ్గర ఉంటుంది. కాగితాన్ని టబితాయే ఇన్నేళ్ళూ దాచిపెట్టిందని జోసయా నిందవేశాడు.

"మందిరం వదిలేద్దామని ఇంతకుముందెవరైనా అన్నారా?" అని హెస్టర్ అడిగింది.

"మూడేళ్ళుగా జోసయా పోరుతున్నాడు. మాలో ఓట్లుండవు, అందరి మనసూ ఒకటవ్వాలి. నేనొక్కదాన్నే కాదన్నాను. ఆగిపోయింది."

ఆమె వెళ్ళగానే నెడ్ తేల్చేశాడు. "మేజర్ పనేనండీ! ఇందులో ఆలోచించడానికేముంది?"

"నీ తొందర మండిపోనూ. ముందు కాగితం చూద్దాం పద."

మందిరంలో ఉన్న ఆ కాగితం మీద తేదీ '1691, పన్నెండో నెల, ముప్ఫయ్యో రోజు' అని ఉంది. వారాలకీ నెలలకీ అన్యదేవతల పేర్లున్నాయని క్వేకర్లు అంకెలే వాడతారు. హెస్టర్ ఆ కాలపు సభల పుస్తకం తెరిచింది. చివర ఖాళీ ఆకుల్లో ఒకటి కోసేసి ఉంది. అంతకుముందు ఒకచోట 'ఆరో నెల, కోతలు మొదలయ్యాయి' అని చదివి ఆమె నవ్వింది. ఆ నవ్వు నెడ్‌కి బాగా తెలుసు. ఎవరికో మూడిందన్నమాట.

ఆదివారం అందర్నీ మందిరంలోనే కూర్చోబెట్టింది. ఆరుగురు క్వేకర్లు, మేజర్.

"మేజర్‌గారూ, ఏడాదిలో చివరి నెల పేరేమిటి?"

"డిసెంబరు. నన్ను బడిపిల్లాడనుకున్నారా?"

"దొంగకాగితం మీరు రాస్తే డిసెంబరనే రాసేవారు. పన్నెండో నెల అని రాయడానికి క్వేకర్ చెయ్యి కావాలి. ఈ కాలపు క్వేకర్ చెయ్యి. ఆ రోజుల్లో వీళ్ళ ఒకటో నెల మార్చి. ఆరో నెలంటే ఆగస్టు, కోతలు అందుకే. మరి పన్నెండోది?"

నెడ్ వేళ్ళు లెక్కపెట్టాడు. "ఫిబ్రవరి!" అని అరిచేశాడు.

"ఫిబ్రవరికి ముప్ఫయ్యో తేదీ ఎక్కడిది? పుస్తకంలోంచి కోసిన ఆకు మీద, పన్నెండో నెలంటే డిసెంబరని రోజూ తను లెక్కపెట్టే అలవాటులో, పెట్టె తాళంచెవి ఉన్నవాళ్ళు రాశారు. తన మందిరాన్నే పోగొట్టే కాగితం టబితా రాసుకోదు." హెస్టర్ జోసయా ముందు నిలబడింది. "మీ మతం ప్రకారం మీరు ప్రమాణం చెయ్యరు, అక్కర్లేదు. 'నేను రాయలేదు' అనండి చాలు."

పుట్టి బుద్ధెరిగాక నోటితో అబద్ధమాడలేదు జోసయా.

"నేనే రాశాను. ఆరుగురం మిగిలాం. ఈ చలిలో ఎవరికోసమని? నువ్వొక్కదానివి అడ్డుపడ్డావు టబితా."

మేజర్ ఎర్రబడ్డ ముఖంతో టోపీ తీసుకున్నాడు. "నాకీ రొచ్చు వద్దు తల్లీ. స్థలం మీదే."

టబితా లేచింది. సభ పుస్తకం తెచ్చి జోసయా ముందు పెట్టింది.

"ఇవాళ్టికి ఇంకా నువ్వే కార్యదర్శివి జోసయా. కలం తియ్యి. మందిరం ఎవరికీ ఇచ్చేది లేదని రాయి. నువ్వు చేసిందీ రాయి. ఆనవాయితీ ప్రకారం గట్టిగా చదువు."

జోసయా రాశాడు. గట్టిగా చదివాడు. సమ్మతమేనా అని వంతుగా ఒక్కొక్కరినీ అడిగాడు. అయిదుగురూ సమ్మతమన్నారు. ఆరో మనిషి జోసయాయే. ఒక్కరు కాదంటే చాలు, తీర్మానం ఆగిపోతుంది.

"సమ్మతమే," అన్నాడు జోసయా.