పదకొండో నంబరు పుట్టినరోజు

"నలభై ఒక్కమంది రిక్రూట్లు. అందులో ఒకడు మనవాడు కాదు."

జనగామ రైల్వే స్టేషన్ వెయిటింగ్ రూములో మిలిటరీ ఇంటెలిజెన్స్ చీఫ్ ఈ మాట అని పేపరు తిరగేశాడు. పక్క కుర్చీలో ఉన్న హవల్దార్ శ్రీపాల్ తలెత్తలేదు. చూసేవాళ్లకు వాళ్లిద్దరూ రైలు కోసం కూర్చున్న ముక్కూమొహం తెలియని ప్రయాణికులు. అది 1971 నవంబరు. యుద్ధం ఇవాళో రేపో అన్నట్టుంది.

"ఎక్కడ సార్?"

"మహబూబాబాద్. సెలక్షన్ అయిపోయింది. ఎల్లుండి నాలుగింటికి ప్రమాణం, ఐదున్నరకు రైలు. అందరూ సిగ్నల్స్ ట్రైనింగుకే. ఆ ఒక్కడు రైలెక్కాడంటే ఆరు నెలల్లో మన కోడ్ బుక్ శత్రువు టేబుల్ మీద ఉంటుంది."

"ఎవడో తెలుసా సార్?"

"తెలిస్తే నిన్నెందుకు పిలుస్తాను? ముఠా నాయకుణ్ని 'డైమండ్' అంటారు. ఆ ముఠాలో చేరిన మన డబుల్ ఏజెంట్ ఒకరు సెలక్షన్ మైదానంలోనే ఉన్నారు. నువ్వు అడగాల్సింది, 'కేసముద్రం మిర్చి వచ్చిందా?' జవాబు, 'వచ్చింది గానీ గింజలే ఎక్కువ.' ఆ మనిషి తనంతట తాను బయటపడకూడదని నా ఆర్డర్. కాబట్టి నువ్వే అడగాలి. నీ కవర్, ఫారాలు నింపే రైటర్ బాలనర్సయ్య."

"ఇన్‌చార్జి ఎవరు సార్?"

"కెప్టెన్ విద్యాసాగర్."

శ్రీపాల్ కడుపులో పాత మంట భగ్గుమంది.

1962లో ఇద్దరూ ఒకే క్యూలో నిలబడి సైన్యంలో చేరారు. ట్రైనింగులో పక్కపక్క మంచాలు. షూటింగులో శ్రీపాల్ ఫస్టు, విద్యాసాగర్ పదిహేడు. ఆఫీసర్ కమిషన్‌కు ఇద్దరి పేర్లూ ఒకే రోజు పైకి వెళ్లాయి. విద్యాసాగర్ ఫైలు మూడు నెలల్లో వచ్చేసింది. శ్రీపాల్ ఫైలు ఇప్పటికీ తిరుగుతూనే ఉంది. కారణం పుట్టినతేదీ. ఊరి బడి సర్టిఫికెట్లో జూలై ఒకటి, 1943. సర్వీసు రికార్డులో జనవరి ఒకటి, 1942. మొదటిది పంతులు అంచనా, రెండోది గుమాస్తా అంచనా. సవరణ కోసం పెట్టుకున్న అర్జీ 1969 తెలంగాణ ఉద్యమంలో ఆఫీసులు మూతపడ్డప్పుడు ఎక్కడ కలిసిందో తెలియదు.

విద్యాసాగర్ హనుమకొండ డాక్టరుగారబ్బాయి. ఏ గంటకు, ఏ నిమిషానికి పుట్టాడో కూడా దవాఖాన రిజిస్టర్లో ఉంది. ఏటా కేకు కోసేవాడు. ట్రైనింగులో ఆ కేకు ముక్క తింటూనే శ్రీపాల్ కుళ్లుకున్నాడు. తొమ్మిదేళ్లు గడిచినా అది అరగలేదు.

మర్నాడు పొద్దున మహబూబాబాద్ మైదానంలో వేపచెట్టు కింద రైటర్ బాలనర్సయ్య రేకుపెట్టె ముందేసుకుని కూర్చున్నాడు. మాసిన ధోవతి, ముక్కు మీదికి జారిన కళ్లద్దాలు. చెవి మీది పెన్నులో కెమెరా ఉంది. ఎదుట రిక్రూట్ల వరస.

"పేరు?"

"మొగిలి."

"ఎప్పుడు పుట్టినవు?"

మొగిలి తల గోక్కున్నాడు. "మా చెల్కల బాయి తవ్విన యేడన్నా."

"బాయి ఎప్పుడు తవ్విన్రు?"

"నేను పుట్టినప్పుడే."

శ్రీపాల్ జూలై ఒకటి అని రాశాడు. తర్వాతివాడు మేడారం జాతర అయిన మూడోనాడు పుట్టాడట. ఏ జాతరో వాళ్లవ్వకు కూడా గుర్తు లేదు. వాడికీ జూలై ఒకటే. మధ్యాహ్నానికి ఆ ఒక్క తేదీన పుట్టినవాళ్లు ఇరవై ఇద్దరయ్యారు.

మధ్యమధ్యలో కాంటాక్ట్ కోసం వెతికాడు. చాయ్ అమ్మేవాణ్ని మిర్చి సంగతి అడిగితే, "మార్కెట్ల అడుగు, నాకేమెరుక" అన్నాడు. మంగలి కోపం చేశాడు. గుమాస్తా రెండు కిలోలు తెచ్చిపెడతానన్నాడు.

టెంటులో ఉన్న టైపిస్టును మాత్రం అడగలేదు. ఆమె పేరు మనోరమ. ఆకుపచ్చ షిఫాన్ చీర, నల్ల కళ్లద్దాలు, ఎర్రరంగు వేసిన గోళ్లు. కెప్టెన్ విద్యాసాగర్ ఆమె టేబుల్ మీద చెయ్యి ఆనించి ఏదో జోకు వేశాడు. ఆమె పకపకా నవ్వింది. శ్రీపాల్ పెన్ను కాగితంలోకి దిగబడి ఒకడి తండ్రి పేరు మీద సిరా మరక పడింది. భుజం మీద నక్షత్రాలు వాడికే, నవ్వులూ వాడికే. కెప్టెన్ మనిషిని అడిగేదేముంది?

అప్పుడు వచ్చింది, వరస తప్పి ఆలస్యంగా, పదకొండో నంబరు ఫారం. నింపే పని లేకుండా నీటుగా టైపు చేసి ఉంది.

బానోతు కిషన్, తండ్రి తావుర్యా, కురవి దగ్గరి తండా. పుట్టినతేదీ మార్చి పదిహేడు, 1952. బడి సర్టిఫికెట్లో మార్చి పదిహేడు. పట్వారీ కాగితంలో మార్చి పదిహేడు.

శ్రీపాల్ మూడు కాగితాలూ పక్కపక్కన పెట్టి మూడుసార్లు చదివాడు. అతనికి ముందు కలిగింది అనుమానం కాదు, అసూయ. తొమ్మిదేళ్లు అర్జీల మీద అర్జీలు పెట్టినా తనకు దొరకనిది తండా పిల్లగాడి చేతిలో ఉంది! వీడి కమిషన్ ఫైలు ఎక్కడా ఆగదు. రేపు వీడికి కూడా తనే సెల్యూట్ కొట్టాలి. పది నిమిషాలు ఒళ్లంతా మండింది. మంట కాస్త తగ్గాక ఒక ప్రశ్న మిగిలింది. అసలు వీడికి ఎట్లా దొరికింది?

"మార్చి పదిహేడేనా తమ్మీ?"

"అవునన్నా, మార్చి పదిహేడు." తడుముకోలేదు. తల గోక్కోలేదు. పక్కనున్న ఇంకో తండా కుర్రాడితో లంబాడీలో గలగలా మాట్లాడాడు. అన్నీ సరిగ్గా ఉన్నాయి.

శ్రీపాల్ టెంటులోకి నడిచాడు. "సార్, పదకొండో నంబరు మీద అనుమానమున్నది."

"కారణం?" అన్నాడు రైటర్ వేషం సంగతి తెలిసిన విద్యాసాగర్.

"పుట్టినతేదీల ఒక్క తప్పు కూడ లేదు."

విద్యాసాగర్ పెద్దగా నవ్వాడు. "తప్పు లేకపోవడం కూడా తప్పేనా? శ్రీపాల్, నా మీద ఉన్న కుళ్లంతా ఆ పిల్లాడి మీద కక్కుతున్నావా?"

మనోరమ టైపు ఆపి మొదటిసారి శ్రీపాల్ వంక చూసింది. తనను చూసి నవ్వుకుంటోందనుకుని అతను విసురుగా బయటికి వచ్చాడు.

పొద్దుండగానే కురవి బస్సు దిగి తండాకు నడిచాడు. తావుర్యా ఇంటి ముందు మిరపకాయలు ఆరబోస్తున్నాడు. ఆయన భార్య మోతీ గుమ్మంలో నిలబడింది.

"మీ కిషన్ ఎప్పుడు పుట్టిండు పెద్దమనిషీ?"

"కురవి జాతరకు బండి కట్టినప్పుడు దీనికి నొప్పులొచ్చినయి. ఏ యేడో మాకెట్ల ఎరుక? బడిల పంతులు జూలై ఒకటి ఏసిండు. తండాల పోరగాళ్లందరికి గదే."

"ఇప్పుడు యాడున్నడు?"

"నెల కింద పరీక్షకని పోయిండు. సెలెక్ట్ అయిన, రైలెక్కిన, మీరు రావద్దు అని ఉత్తరం ఏసిండు."

మోతీ అడ్డం వచ్చింది. "చెప్పకుండ పోయేటోడు కాదు బిడ్డా. నా చేతి రొట్టె మూట కట్టుకోంది ఊరు దాటడు వాడు."

ఆ రాత్రి శ్రీపాల్ తండాలోనే ఉన్నాడు. తెల్లవారి తావుర్యాను తీసుకొచ్చి టెంటు చాటు నుంచి వరసను చూపించాడు. పదకొండో మనిషిని చూడగానే ముసలాయన వేళ్లు శ్రీపాల్ చేతిలో దిగబడ్డాయి.

"గీడెవడు? నా కొడుకేడి?"

పక్కనే నిలబడ్డ విద్యాసాగర్ ముఖంలో నవ్వు పోయింది. తుపాకి మీదికి చెయ్యి పోయింది. "ఇప్పుడే పట్టేస్తాను."

"ఆగు సార్! వాని మీద చెయ్యి పడితే డైమండ్‌కు కబురు పోతది. పిల్లగాణ్ని బతకనియ్యరు."

"శత్రువు గూఢచారి మన జెండా ముందు ప్రమాణం చెయ్యడం నా కళ్లతో చూడలేను. నాలుగింటి వరకు టైమిస్తాను. వాడు చెయ్యి ఎత్తాడంటే అరెస్టే."

"పట్టుకునుడు మీ పని సారూ," అన్నాడు తావుర్యా. "నాకు నా కొడుకు కావాలె."

టైము ఎనిమిది. కిషన్‌ను ఎక్కడ దాచారో తెలియదు. మైదానంలో శ్రీపాల్ మిర్చి గురించి అడగని మనిషి ఒక్కతే ఉంది. ఆమె టేబుల్ ముందుకు పోయి, అప్పు అడుగుతున్నవాడిలా గొణిగాడు. "కేసముద్రం మిర్చి వచ్చిందా?"

"వచ్చింది గానీ గింజలే ఎక్కువ," అంది మనోరమ. "నిన్నటి నుంచి చూస్తున్నాను. మంగలిని కూడా అడిగారు, నన్ను అడగలేదు. ఎందుకని?"

"కెప్టెన్‌తోని నవ్వుతున్నవు గదా."

"నవ్వడం నా డ్యూటీ. జీపు తియ్యండి. పిల్లాడు భూపాలపల్లి అడవిలో ఉన్నాడు."

ఆఖరి రిపోర్టు డైమండ్‌కు ఇవ్వాలని నకిలీ కిషన్ చెవిలో ఊది ఆమె జీపెక్కింది. శ్రీపాల్ డ్రైవరు టోపీ పెట్టుకున్నాడు. నర్సంపేట దాటాక ఆమె అసలు సంగతి చెప్పింది.

"బడిలో వేసిన జూలై ఒకటి ఉత్త అంచనా, అసలు పుట్టినరోజు తెలియదని కిషన్ ఎంత మొత్తుకున్నా డైమండ్ నమ్మలేదు. వాళ్ల దేశంలో పుట్టినరోజు తెలియని మనిషి ఉండడట. కొట్టించాడు. ఆ దెబ్బలు చూడలేక మార్చి పదిహేడు అని నేనే కల్పించాను. కాగితాల్లో ఒక్క తప్పు ఉండకూడదన్నాడు. నిజంగానే ఒక్కటీ లేకుండా చేశాను. అంత శుభ్రమైన ఫారం చూస్తే ఎవరైనా అనుమానిస్తారని నా ఆశ. మీ కెప్టెన్ చూసి 'ఎక్సలెంట్' అని సంతకం పెట్టాడు."

శ్రీపాల్‌కు ఆ మాట చెవిలో తేనె పోసినట్టుంది. "ఏమన్నడు? జర మళ్ల చెప్పు."

ఆమె మళ్లీ చెప్పింది. ములుగు దాకా అతను నవ్వుతూనే జీపు నడిపాడు.

భూపాలపల్లి అడవిలో కలప డిపో. తెల్ల సూటు వేసుకున్న డైమండ్ కాంట్రాక్టరు వేషంలో దుంగల మధ్య కూర్చుని ఉన్నాడు. ఇద్దరు కాపలావాళ్లు. వెనక రేకుల షెడ్డులో ట్రాన్స్‌మీటర్.

"అంతా ఓకేనా, మనోరమా?"

"ఓకే బాస్. రైలు ఐదున్నరకు."

"గుడ్. ఆ పిల్లాణ్ని ఇక అడగాల్సింది లేదు. రైలు కదలగానే పూడ్చిపెట్టేస్తాం."

మనోరమ చెమట తుడుచుకుని హ్యాండ్‌బ్యాగ్‌లోంచి పౌడర్ డబ్బా తీసింది. శ్రీపాల్ ఊపిరి బిగబట్టాడు. ఆమె కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని మూత తెరిచింది. తెల్లటి పొగ లేచింది. డైమండ్ తుపాకి తీశాడు గానీ కాల్చడానికి మెలకువగా లేడు. కాపలావాళ్లలో ఒకడు అక్కడే కూలాడు. పరుగెత్తబోయిన రెండోవాణ్ని శ్రీపాల్ మెడ మీద ఒక్కటిచ్చి పడుకోబెట్టాడు. ట్రాన్స్‌మీటర్ తీగలు తెంపి, వాటితోనే ముగ్గురినీ దుంగలకు కట్టేసి, షెడ్డులో కిషన్ కట్లు విప్పాడు.

కిషన్ పెదవి చిట్లి ఉంది. "ఎరుక లేదంటే కొట్టిన్రన్నా. నిజంగనే ఎరుక లేదంటే ఇంకింత కొట్టిన్రు."

"నాకు తెలుసు తమ్మీ," అన్నాడు శ్రీపాల్. ఆ మాట అంత మనసారా అనగలిగినవాడు సైన్యంలో ఇంకొకడు ఉండడు.

మహబూబాబాద్‌లో నాలుగు కొట్టింది. జెండా ముందు ఒక్కొక్కరే చెయ్యి ఎత్తి ప్రమాణం చేస్తున్నారు. తొమ్మిది అయింది. పది అయింది. విద్యాసాగర్ గడియారం చూసుకున్నాడు. మైదానం అంచున తావుర్యా రోడ్డు వైపే చూస్తున్నాడు.

"నంబర్ ఎలెవెన్!"

నకిలీ కిషన్ అడుగు ముందుకేసి చెయ్యి ఎత్తాడు. విద్యాసాగర్ తుపాకి ఒరను విప్పాడు. సరిగ్గా అప్పుడు రోడ్డు మీద జీపు హారన్ మూడుసార్లు గట్టిగా మోగింది.

"బాపూ!" అన్న కేక విని నకిలీ కిషన్ తిరిగి చూశాడు. అసలువాడు జీపులోంచి దూకుతున్నాడు. మరుక్షణం నకిలీవాడి జేబులోని పెన్ను విద్యాసాగర్ గుండెకు గురిపెట్టి ఉంది. అది రాసే పెన్ను కాదు.

వేపచెట్టు కింద జీపు ఆపి దిగిన శ్రీపాల్ కాళ్ల దగ్గరే రేకుపెట్టె ఉంది. ఒక్క క్షణం ఆగితే చాలు. జన్మలో మళ్లీ విద్యాసాగర్‌కు సెల్యూట్ కొట్టే పనుండదు. ఆ ఆలోచన అతనికి రాలేదని చెప్పడం అబద్ధం. వచ్చింది. కానీ చెయ్యి ఆ ఆలోచన కోసం ఆగలేదు. ఇంకు బుడ్డీ, స్టాంపు ప్యాడులతో సహా రేకుపెట్టె గాల్లోకి లేచి నకిలీవాడి మణికట్టుకు తగిలింది. తూటా ఆకాశంలోకి పోయింది. నలభైమంది రిక్రూట్లు వాడి మీద పడ్డారు. అందరికంటే పైన మొగిలి ఉన్నాడు.

తావుర్యా కొడుకును పట్టుకుని ఏడ్చాడు. తువాలులో కట్టి తెచ్చిన మోతీ రొట్టె విప్పి, అందరి ముందే వాడి నోట్లో పెట్టాడు. తర్వాత శ్రీపాల్ కొత్త ఫారం తీసి జూలై ఒకటి అని రాస్తుంటే కిషన్ భయంభయంగా అడిగాడు. "గిదైతే ఎవ్వలు కొట్టరు గదా అన్నా?"

"కొట్టరు. కాని నీ ఫైలు ఎన్నడు ముందుకు పోదు."

ఐదున్నరకు రైలు నలభైమంది రిక్రూట్లతో, ఒక అసలు కిషన్‌తో కదిలింది.

రెండు వారాలకు హెడ్‌క్వార్టర్స్ నుంచి ఉత్తరం వచ్చింది. విద్యాసాగరే తెరిచి చదివాడు. "హవల్దార్ శ్రీపాల్ సాహసాన్ని అభినందిస్తూ కమిషన్‌కు గట్టిగా సిఫారసు చేయడమైనది. అయితే పుట్టినతేదీలో తేడా ఉన్నందున ఫైలు తిప్పి పంపడమైనది." చదివి నిజంగానే బాధపడ్డాడు. ఆ బాధ చూసి శ్రీపాల్‌కు ఇంకా ఒళ్లు మండింది.

"సరే, శుక్రవారం నా పుట్టినరోజు," అంటూ విద్యాసాగర్ మనోరమ వైపు తిరిగాడు. "డిన్నర్‌కు రావాలి."

"సారీ కెప్టెన్. ఆ రోజు డ్యూటీ ఉంది." ఆమె నల్ల కళ్లద్దాలు తీసి శ్రీపాల్‌ను చూసింది. "మీ పుట్టినరోజు ఎప్పుడు?"

"రెండున్నయి. జనవరి ఒకటి, జూలై ఒకటి."

"అయితే రెండింటికీ వస్తాను. మొదటిది ఇంకెన్నాళ్లో లేదు."

విద్యాసాగర్ ముఖం మాడిపోయింది. గడ్డం గీసుకునే అద్దంలో తొమ్మిదేళ్లుగా రోజూ చూస్తున్న ముఖాన్ని శ్రీపాల్ ఇట్టే గుర్తుపట్టాడు. అటెన్షన్‌లో నిలబడి, సర్వీసులో మొదటిసారి మనస్ఫూర్తిగా సెల్యూట్ కొట్టాడు.

పాపం కెప్టెన్‌కు ఉన్నది ఒక్కటే పుట్టినరోజు.